ఖైరాన్ రోడ్డు మీద పడిన బండి

నాలుగు వందల కిలోల మోటార్‌సైకిల్ కొన్న ఫవ్వాజ్‌కి దాన్ని స్టాండు మీద నుంచి లేపి నిలబెట్టడం రాదు. ఈ సంగతి కువైట్‌లోని జహ్రా మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఫవ్వాజ్. రెండోవాడు ఆ ఇంటి డ్రైవరు బాలసుబ్బయ్య.

బుధవారం సాయంత్రం షువైఖ్‌ షాపువాళ్ళు బండి తెచ్చి ఇంటి ముందు దింపారు. నల్లటిది, దున్నపోతంత ఉంది. ఫవ్వాజ్ కొత్త తోలు జాకెట్టు తొడుక్కుని దాని మీదెక్కి కూర్చున్నాడు. మునివేళ్ళు మాత్రమే నేలకానాయి. బండిని నిటారుగా చేయబోయాడు. అది ఒక్క అంగుళం లేచి, మళ్ళీ స్టాండు మీదికి వాలిపోయింది. ఫవ్వాజ్ అటూ ఇటూ చూశాడు. అలా వాలి కూర్చోవడమే తన ఉద్దేశమైనట్టు ఫోను తీసి తన ఫొటో తానే తీసుకున్నాడు.

పైపుతో కార్లు కడుగుతున్న బాలసుబ్బయ్య తల గోడవైపు తిప్పుకున్నాడు.

"దీనికి ఈయప్ప రౌతంట," అన్నాడు గోడతో.

గేటు పక్కనున్న కారవాన్ కూడా ఇలాంటి బండ్ల కోసం కొన్నదే. పికప్ వెనక తగిలించి లాగే పొడుగాటి ట్రయిలరు అది. ముందు సగం గది: సోఫా, మంచం, చిన్న వంటగట్టు. వెనక సగం ఖాళీ. వెనక గోడని కిందికి వాలిస్తే అదే బండి ఎక్కే వాలుబల్ల అవుతుంది. కొడుకు హైవే మీద మోటార్‌సైకిల్ తోలితే తాను అన్నం మానేస్తానని, పనివాళ్ళు మామా అని పిలిచే అతని తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. ఇంట్లో పనివాళ్ళంతా బాబా అని పిలిచే పెద్దాయన, ఆవిడని ఊరుకోబెట్టడానికి కారవాన్ కొన్నాడు. బండి కారవాన్‌లో పోవాలి, కొడుకు పికప్‌లో పోవాలి, బాలసుబ్బయ్య తోలాలి. ఇదీ ఏర్పాటు.

ఈ ఏర్పాటు ఫవ్వాజ్ స్నేహితులకు తెలీదు. వాళ్ళ బైకుల గుంపు శుక్రవారాల్లో ఖైరాన్ సముద్రం ఒడ్డున కలుస్తుంది. అక్కడికి మూడు కిలోమీటర్ల ముందు ఒక పెట్రోలు బంకు ఉంది. దాని వెనకాల బండి దించాలి. ఫవ్వాజ్ ఆ మూడు కిలోమీటర్లూ తోలి, జహ్రా నుంచి నూటపాతిక కిలోమీటర్లు తోలుకొచ్చినవాడిలా నడుం విరుచుకుంటూ దిగుతాడు. బాలసుబ్బయ్య ఒక అరగంట ఆగి, సామాన్లు తెచ్చేవాడిలా కారవాన్‌తో వస్తాడు. పాత చిన్న బండితో రెండుసార్లు ఇలాగే జరిగింది.

"ఏవండోయ్, మీరేనాండీ దీన్ని ఎక్కించేది?"

షాపు తరఫున వచ్చిన మెకానిక్ దొరబాబు. రాజోలు మనిషి. చేతులకు నీలం గ్లౌజులు, నడుంకి పనిముట్ల బెల్టు, ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం. బాలసుబ్బయ్య అతని పాదాల నుంచి గ్లౌజుల దాకా చూసి, పైపు ఆపాడు.

"నేనే. ఏమి?"

"ఎలా కట్టాలో చూపించమన్నారండి మా ఓనరుగారు."

"లారీ తోలినోడికి కట్టేది సూపించల్లనా?"

"లారీ వేరండి, ఇది వేరండి," అని దొరబాబు నవ్వి, పని మొదలుపెట్టాడు. కారవాన్ లోపల బిగించిన, బరువులు లాగే చిన్న వించి తీగను బండి మెడకు తగిలించాడు. తాను పక్కన నడుస్తూ, బ్రేకు మీద రెండు వేళ్ళుంచి, బండిని వాలుబల్ల మీదుగా లోపలికి పంపాడు. ముందు చక్రం ఇనప దవడలో ఇరుక్కుంది. హ్యాండిలు మెడకి మెత్తటి ఉచ్చులు వేసి, రెండు పట్టీలు తగిలించి, వాటి మీటని మళ్ళీ మళ్ళీ లాగాడు. టకటకమంటూ ముందు చక్రం మీది షాకు స్ప్రింగులు సగం దాకా కుంగాయి. అప్పుడు కాలితో స్టాండు పైకెత్తేశాడు. బండి నిటారుగా, మేకు కొట్టినట్టు నిలబడింది. వెనక ఇంకో రెండు పట్టీలు వేశాడు.

"ఇదొక్కటే గుర్తెట్టుకోండి. స్టాండేసి కట్టకూడదండి. బండి ఊగినప్పుడల్లా బరువంతా ఆ ఒక్క కాలిమీద పడుద్ది. షాకు కుంగుద్ది, పట్టీ వదులైపోద్ది, ఆనక చేసేదేం లేదండి."

"మదనపల్లె టమోటా లారీల మీద ఎన్ని బైకులు ఏసుకొని పోయినామో నీకేం తెల్సప్పా. స్టాండేసి, గంపలకల్ల వాల్చి, తాడుతో ఒక బిగింపు బిగిస్తే మద్రాసు దాకా కదల్లే."

"అవి వంద కిలోల బళ్ళండీ బాబూ."

"నీ గ్లౌజులకి మట్టంటుతాది, జాగర్త," అన్నాడు బాలసుబ్బయ్య.

దొరబాబు ముఖం ఎర్రబడింది. బండిని కిందికి దింపి, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున బాలసుబ్బయ్య మామాని సరుకుల కోసం జమియాకి తీసుకెళ్ళి వచ్చేసరికి బాబా గేటు నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. పనివాళ్ళతో ఆ ఇంట్లో మాట్లాడేది అరబ్బీ, హిందీ కలగలిపిన భాష. అందులోనే అన్నాడు.

"నీ భార్య కాగితాలు చూశాను. ఆదివారం పొద్దున సంతకం చేస్తాను. రేపు ఫవ్వాజ్‌ని జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకురా."

బాలసుబ్బయ్య చేతిలో సంచులు కింద పెట్టి దండం పెట్టాడు. అతని భార్య రెడ్డెమ్మ హవల్లీలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఇద్దరూ కువైట్‌లోనే ఉన్నా, తొమ్మిదేళ్ళుగా శుక్రవారం గంటసేపు బస్టాండులో నిలబడి మాట్లాడుకోవడమే వాళ్ళ కాపురం. ఇప్పుడు హవల్లీవాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతున్నారు, రెడ్డెమ్మ వేరే ఇంటికి మారొచ్చని రిలీజ్ కాగితం ఇచ్చారు. ఈలోగా బాబా సంతకం చేస్తే ఆమె ఇఖామా, అంటే దేశంలో ఉండే అనుమతి, ఈ ఇంటికి మారుతుంది. చేయకపోతే ఈ నెలాఖరుకి ఆమెని విమానమెక్కించి ఊరికి పంపేస్తారు.

సాయంత్రం ఫోన్లో చెప్తే రెడ్డెమ్మ వెంటనే నమ్మలేదు.

"నోటి మాటేనా, కాగితం మీద ఏమన్నా రాసినాడా?"

"ఆదివారం అని సెప్పినాడు మే. ఆ పిల్లోన్ని రేపు నవ్వించి తోల్కొస్తే సాలు."

"నువ్వు నవ్వాకు, అది సూస్కో ముందు," అంది రెడ్డెమ్మ. మొగుడి సంగతి ఆమెకి తెలుసు.

శుక్రవారం ఆరు గంటలకే బండి ఎక్కించాలి. ఫవ్వాజ్ గడప మీద కూర్చుని కరక్ చాయ్ తాగుతూ, "యల్లా, యల్లా," అంటున్నాడు. లేచి ఒక చెయ్యి వేయాలని అతనికి తోచలేదు. బాలసుబ్బయ్య వించితో బండిని లోపలికి లాగాడు. ఆ పని దొరబాబు చేసినట్టే చేశాడు. పట్టీలు మూలన చుట్టలు చుట్టి ఉన్నాయి. వాటిని చూడగానే ఆ గ్లౌజులు గుర్తొచ్చాయి. కాలితో పక్కకి నెట్టి, పికప్‌లోంచి తన నైలాన్ తాడు తెచ్చుకున్నాడు.

స్టాండు వేశాడు. బండిని ఎడమకి వాల్చాడు. హ్యాండిలు కింద రెండు చుట్లు, సీటు మీదుగా ఒకటి, గోడ కొక్కేనికి లారీముడి. మోకాలు ఆనించి లాగితే తాడు వీణతీగలా మోగింది. మద్రాసు కాదు, బస్రా దాకా అయినా కదలదు అనుకున్నాడు.

ఆరో రింగురోడ్డు దాటి దక్షిణానికి తిరిగాక ఫవ్వాజ్ కాళ్ళు డాష్‌బోర్డు మీద పెట్టి, ఫోన్లో స్నేహితులతో కబుర్లు మొదలుపెట్టాడు. పికప్‌లో ఏసీ గాలి తగులుతూ కూర్చుని, రోడ్డు మీద గాలి ఎంత ఎదురు కొడుతోందో వాళ్ళకి వర్ణించాడు. గాలి చప్పుడు వినపడాలని కిటికీ అద్దం నాలుగు వేళ్ళు దించాడు. బాలసుబ్బయ్య ముందుకే చూస్తూ తోలాడు. మీసాల కింద పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

"ఆలస్యమైంది, తొందరగా," అన్నాడు ఫవ్వాజ్ ఫోను పెట్టేసి.

బంకు వైపు తిరిగే పక్క రోడ్డు మీద రెండు స్పీడు బ్రేకర్లున్నాయి. మొదటిది మెల్లగానే దాటించాడు. "యల్లా!" అని ఫవ్వాజ్ అరిచాడు. రెండోది దాటేసరికి వెనక నుంచి ఇనప బీరువా పడ్డట్టు చప్పుడైంది. ట్రయిలరు పికప్‌ని ఒక్క గుంజు గుంజింది.

బంకు వెనకాల ఆపి వెనక గోడ దించారు. బండి ఎడమ పక్కకి పడి ఉంది. స్టాండు కాలు నేలపలకని తొలుచుకుని అరచేతి మందాన లోపలికి దిగిపోయింది. ఎడమ అద్దం పగిలింది. ట్యాంకు మీద జానెడు సొట్ట. తాడు తెగలేదు. ముడి కూడా విడలేదు. బండి కుంగిన మేరకి వదులై, చచ్చిన పాములా సీటు మీద పడి ఉంది.

బాలసుబ్బయ్య తాడుని ఒకసారి లాగి చూశాడు. ఆదివారం, అనుకున్నాడు. అంతకుమించి ఏమీ తోచలేదు. నడుము సీటుకి ఆనించి, రెండు చేతులు వెనక్కి పెట్టి, అంగుళం అంగుళం వెనక్కి నడుస్తూ బండిని లేపాడు. కిందికి దింపి తుడిచాడు. తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు.

తిట్లు రాలేదు. ఫవ్వాజ్ పగిలిన అద్దం వంక చాలాసేపు చూశాడు. కోపం కాదు, భయం. కారవాన్‌లో పడిందంటే కారవాన్‌లో తెచ్చినట్టే కదా. అక్కడ ఇరవైమంది ఎదురుచూస్తున్నారు. చూసి చూసి, జాకెట్టు విప్పాడు. దాన్ని తారు మీద పరిచి, మోచెయ్యి ఉండే చోట బూటుతో తొక్కిపట్టి, వంటమనిషి గిన్నె తోమినట్టు బరబరా రుద్దాడు. తోలు లేచింది. హెల్మెట్‌ని కూడా రెండుసార్లు నేలకి గీశాడు. ప్యాంటు మోకాలికి మట్టి రాసుకున్నాడు. తర్వాత బండి పక్కన తారు మీద కూలబడి, మోకాలు పట్టుకుని, ఫోను బాలసుబ్బయ్య చేతికిచ్చాడు.

"ఫొటో తియ్యి. బంకు కనపడకూడదు."

బాలసుబ్బయ్య ఫొటో తీశాడు. ఒకటి బాగా రాలేదంటే ఇంకోటి తీశాడు. మూడోదానికి ఫవ్వాజ్ ముఖంలోకి నొప్పి తెచ్చుకున్నాడు. తర్వాత బాలసుబ్బయ్య బండిని నిటారుగా పట్టుకుంటే, ఎక్కి ఒడ్డు దాకా తోలుకుపోయాడు.

అరగంట తర్వాత కారవాన్‌తో వెళ్ళేసరికి ఫవ్వాజ్ చుట్టూ గుంపు. అతను చేతులు తిప్పుతూ చెప్తున్నాడు: నూటనలభై, ఇసుక, జారింది, బండి ఒకవైపు, నేనొకవైపు. ఒకడు అతని భుజం తట్టి, చిరిగిన జాకెట్టుకి ముద్దు పెట్టాడు. బాలసుబ్బయ్య కారవాన్ చాటుకి పోయి రెడ్డెమ్మకి ఫోను చేసి, మొత్తం చెప్పి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"తారుకు పెట్టి రుద్దినాడు మే, కోటుని! నా తప్పు ఎత్తనే ల్యా. వాని అబద్దమే నన్ను కాపాడినాది."

"అబద్దం ఎవునిదైతే వాన్నే కాపాడుతాది," అంది రెడ్డెమ్మ. "నువ్వు నోరు మూసుకొని ఇంటికి పో."

తిరుగు ప్రయాణంలో బండి ఎక్కిస్తే ఎవరికీ అనుమానం రాలేదు. దెబ్బతిన్న బండి కదా. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, బాలసుబ్బయ్య మూలనున్న పట్టీలు తీశాడు. షాకులు సగం కుంగేదాకా మీట లాగాడు. స్టాండు ఎత్తేశాడు. బండి జహ్రా దాకా వెంట్రుకంత కదల్లేదు. అది అతనికి మరీ మంటగా అనిపించింది.

జహ్రాకి వాళ్ళకంటే ముందే ఫొటో చేరింది. గేటు లోపలికి రాగానే మామా ఏడుస్తూ కొడుకుని వాటేసుకుంది. బాబా కొడుకుని ఒక్క మాట అనకుండా నేరుగా పికప్ దగ్గరికి వచ్చాడు.

"హైవే మీద తోలనిచ్చావా? నిన్ను ఎందుకు పంపాను? కారవాన్ ఎందుకు కొన్నాను?"

బాలసుబ్బయ్య ఫవ్వాజ్ వంక చూశాడు. ఫవ్వాజ్ అమ్మ భుజం మీద గడ్డం ఆనించి, చిరిగిన మోచెయ్యి చూసుకుంటున్నాడు.

"ఒక్క పిల్లవాణ్ణి ఆపలేనివాడివి," అన్నాడు బాబా, "నీతోపాటు నీ భార్యని కూడా పెట్టుకుని నేనేం చేసుకోను? ఆదివారం లేదు. ఖలాస్."

ఆ రాత్రి రెడ్డెమ్మ రెండుసార్లు ఫోను చేసింది. అతను ఎత్తలేదు.

శనివారం పదకొండింటికి దొరబాబు వచ్చాడు, బండికి ఏమేం పోయిందో రాసుకోవడానికి. బాబా కారవాన్ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఫవ్వాజ్ ఇంకా నిద్ర లేవలేదు. దొరబాబు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు సొట్టలో వేలు పెట్టాడు. కారవాన్‌లోకి తొంగి చూశాడు. నేలపలకలో కంత దగ్గర గొంతుక్కూర్చుని, నవ్వాడు.

"ఏటండీ ఇది? రోడ్డు మీద పడిందన్నారు?" అన్నాడు తెలుగులో. "నూటనలభైలో పడ్డ బండి ఒక పక్కంతా చెక్కుకుపోద్దండి. దీనికి సొట్టే గాని గీత లేదు. ఇదిగో స్టాండు దిగిన కంత. మా షాపు పట్టీ కూడా కాదు, తాడేసినట్టున్నారు."

"మెల్లగా మాట్లాడప్పా."

"ఆయనకి తెలుగొచ్చా ఏటండీ?"

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

బాలసుబ్బయ్య మనసు లెక్క వేసింది. కొడుకుని హైవే మీదికి వదలడం పెద్ద తప్పు. తాడు సరిగా కట్టకపోవడం చిన్న తప్పు. పెద్దది తీసేసి చిన్నది నెత్తిన పెట్టుకుంటే సంతకం దక్కొచ్చు. పైగా పిల్లవాడు క్షేమంగా పికప్‌లో కాళ్ళు చాపుకుని వెళ్ళాడని తెలిస్తే ఏ తండ్రికైనా ప్రాణం లేచి వస్తుంది. ఇక ఫవ్వాజ్ పరువంటారా, దాన్ని కాపాడాల్సిన అవసరం తనకేమిటి?

"బాబా, నేను చెప్తాను," అన్నాడు. చెప్పేశాడు. స్టాండు, తాడు, స్పీడు బ్రేకరు, బంకు. ఫవ్వాజ్ హైవే మీద మీటరు కూడా తోలలేదని మూడుసార్లు చెప్పాడు. జాకెట్టుని రుద్దడం చేత్తో చేసి చూపించాడు. ఆ చూపించడంలో తెలియకుండానే కాస్త నవ్వొచ్చింది. దొరబాబు ఇటు తిరిగి, "నిజమే బాబా, ఇది లోపల పడిందే," అని కంత చూపించాడు.

బాబా వంగి ఆ కంతలోకి చూశాడు. లేచేసరికి ముఖం మారిపోయింది. బాలసుబ్బయ్య ఎదురుచూసిన సంతోషం అందులో లేదు. పదిమందిలో ఎవరో తన తలమీది గుత్రా లాగేసినట్టుంది. నిన్న సాయంత్రం మగవాళ్ళు కొలువుతీరే దివానియా గదిలో ఇరవైమంది కూర్చుని ఉండగా ఆ ఫొటో చేతులు మారిన సంగతి బాలసుబ్బయ్యకి తెలుసు. చాయ్ ఫ్లాస్కులు అందించింది తనే. అయితే తనకి తగిలిన దెబ్బకి తల వంచుకుని, లోపల మాటలు చెవిన వేసుకోలేదు. ఇప్పుడు అవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నూటనలభైలో పడి, లేచి, దుమ్ము దులుపుకుని, అదే బండెక్కి స్నేహితుల దగ్గరికి పోయాడు. నా కొడుకు. వాళ్ళ తాత ఒంటె మీద నుంచి పడ్డా ఇంతే. ఆ గొంతు బాబాదే. కోపం ఇంట్లో ఆడవాళ్ళ ముందు. దివానియాలో మాత్రం ముసలాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు బాబా అన్నాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి.

"బండి రోడ్డు మీద పడింది."

దొరబాబు కంత మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఈ పలక ఈ రోజే మార్చాలి. నువ్వు," అని దొరబాబు వైపు వేలు చూపించాడు, "రోడ్డు అని రాయి. నువ్వు," అని బాలసుబ్బయ్య వైపు తిరిగాడు, "రేపు ఎనిమిదింటికి నీ భార్యని తీసుకురా. కాగితాలన్నీ ఉండాలి."

చెప్పులు టపటపలాడిస్తూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

దొరబాబు గ్లౌజులు విప్పి, రెండూ కలిపి మడిచాడు.

"రోడ్డంటే రోడ్డేనండి, నాకేటి. పలక కొలత పట్టండి." టేపు ఒక చివర బాలసుబ్బయ్యకి ఇచ్చి, కొలిచి, రాసుకున్నాడు. తర్వాత తలెత్తి చూశాడు. "ఆ పిల్లగాడు జాకెట్టు రుద్దాడని అంత బాగా చేసి చూపిత్తన్నారు గదా. ఆ ఫొటోలు తీసిందెవరండి?"

బాలసుబ్బయ్య టేపు వదిలేశాడు. అది సర్రున చుట్టుకుని దొరబాబు చేతిలోకి పోయింది.

ఆదివారం సంతకం పడింది. మంగళవారం రెడ్డెమ్మ ఒక సూట్‌కేసు, ఒక ప్రెషరు కుక్కరుతో జహ్రా వచ్చింది. డ్రైవరు గదికి కొత్త పరుపు వేయించారు. తొమ్మిదేళ్ళ తర్వాత పొద్దున లేవగానే పక్కన మనిషి కనిపిస్తే, బాలసుబ్బయ్యకి ఎక్కడున్నాడో తెలియడానికి కొంతసేపు పట్టింది.

శుక్రవారం సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక దివానియా నిండింది. రెడ్డెమ్మ చాయ్ గ్లాసులు ట్రేలో సర్ది తలుపు దాకా తెచ్చింది. బాలసుబ్బయ్య అందుకుని లోపలికి వెళ్ళాడు. దిండ్లకి ఆనుకుని కూర్చున్నవాళ్ళలో కొత్త ముఖం ఒకటుంది, ఎవరో సాల్మియా బంధువు. అతను నవ్వుతున్నాడు.

"నూటనలభై అంటే నేన్నమ్మను. అంత వేగంలో పడితే ఎముక మిగలదు."

ఫవ్వాజ్ ఫోనులోకి తల దూర్చాడు. బాబా ట్రే పట్టుకున్న బాలసుబ్బయ్యని చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. ఇంటి సామాను ఎక్కడుందో తెలిసినవాడు చెయ్యి చాపినట్టుంది.

"మా డ్రైవర్ వెనకాలే వస్తున్నాడు. కళ్ళారా చూశాడు. చెప్పు."

అందరూ తిరిగారు. బాలసుబ్బయ్య ట్రే బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. వాటిని చూసుకుని, ఎత్తాడు. ఒక చెయ్యి బండి, ఒక చెయ్యి రోడ్డు. ఇసుక ఎలా కొట్టుకొచ్చిందో చూపించాడు. వెనక చక్రం ఎలా జారిందో చూపించాడు. బండి మూడుసార్లు తిరిగిందన్నాడు, అది ఎవరూ అడగనే లేదు. ఫవ్వాజ్ తల ఎత్తి ఆశ్చర్యంగా వింటున్నాడు.

"వేగం ఎంత?" అన్నాడు సాల్మియా బంధువు.

"నూటయాభై," అన్నాడు బాలసుబ్బయ్య. "నా మీటరులో నేను చూశాను."

దివానియా అంతా "మాషాల్లా" అంది. ఎవరో ఫవ్వాజ్ వీపు చరిచారు. గ్లాసులన్నీ పంచాక బాబా తనది అందుకుని, ఇక పొమ్మన్నట్టు రెండు వేళ్ళు కదిపాడు.

తలుపు అవతల రెడ్డెమ్మ రెండో ట్రే పట్టుకుని నిలబడి ఉంది. బండి ఎలా పడిందో కువైట్‌లో అందరికంటే ముందు విన్నది ఆమే. అతను ఆమె ముఖం చూడలేక ఖాళీ ట్రే గోడకి ఆనించాడు. ఒక మాట అంటుందని, కనీసం ముఖం తిప్పుకుంటుందని కాచుకున్నాడు.

రెడ్డెమ్మ గ్లాసులు లెక్క చూసుకుంది. ఒకదాని అంచున కారిన చాయ్ కొంగుతో తుడిచింది.

"ఆ పిల్లోడు మొదట్నుంచీ నూటనలభై అంటాండాడంట, వంటింట్లో అనుకొంటాండ్రి," అంది గొంతు తగ్గించి. "ఇంగ మీదట ఒకే లెక్క సెప్పు. దొరికిపోతావు."

ట్రే అతని చేతుల్లో పెట్టి, లోపలికి పొమ్మని గడ్డంతో సైగ చేసింది.